సాల్సా సోషల్‌లో డీజే మిక్సింగ్: ఏ ట్రిక్కు ఎక్కడ వాడాలి, ఎక్కడ చేయి ఆపాలి

సాల్సా సోషల్‌లో (సాల్సా అనే లాటిన్ జంట నృత్యం ఆడేందుకు జనం చేరే సాయంత్రంలో) డీజే బల్ల దగ్గర నిలబడేవారు అన్నిటికంటే ముందు ఒక విషయం తేల్చుకోవాలి. పాటకూ పాటకూ మధ్య వచ్చే ఖాళీ డీజే సొత్తు కాదు, ఆడేవారి సొత్తు. పబ్బులోనో పెళ్లి సంగీత్‌లోనో జనం గుంపుగా ఆడతారు కాబట్టి ఒక పాట ఎక్కడ ముగిసిందో, తర్వాతిది ఎక్కడ మొదలైందో తెలియకుండా కలిపేయడమే అక్కడ పనితనం. సోషల్‌లో ఒక పాట అంటే ఒక జంట కలిసి ఆడే ఒక ఆట. అది ముగియగానే చేయి వదిలి, ఒక మంచి మాట చెప్పి, వీలైతే ఒక గుక్క నీళ్లు తాగి, ఇంకొకరిని ఆడదామా అని అడిగి, వారితో ఫ్లోర్ మీద చోటు వెతుక్కోవాలి. ఇంత పనికీ డీజే ఇచ్చే వ్యవధి కొన్ని సెకన్లే. అందువల్ల క్లబ్ డీజేలు నేర్చుకునే బీట్‌మ్యాచింగ్ (రెండు పాటల బీట్లను కలపడం), లూప్ (ఒక ముక్కనే మళ్లీ మళ్లీ తిప్పడం), ఎకో, ఫిల్టర్ వంటివన్నీ ఇక్కడా పనికొస్తాయి గానీ, పాటలను అతికించడం వాటి పని కాదు. పాటను తగిన నిడివికి తేవడానికి, మొదలును స్పష్టం చేయడానికి, ముగింపును కాపాడడానికి వాటిని వాడుకోవాలి.

విశాఖ ఎంవీపీ కాలనీలో మేడ మీదున్న ఒక స్టూడియోలో, క్లబ్బుల్లో చేయి తిరిగిన ఒక అతిథి డీజే ఎక్కడా తెగకుండా సాల్సా కలుపుతూ పోవడం చూశాను. మిక్సింగ్‌లో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఫ్లోర్ మీద మాత్రం పరిస్థితి వేరుగా ఉంది. పాట ముగింపుకొస్తోందని పసిగట్టిన ఒక అమ్మాయి చివరి దెబ్బకు వెనక్కి వాలడానికి సిద్ధమైంది. ఆమెను పట్టుకోవలసిన కుర్రవాడు అప్పుడే దూరిన కొత్త పాట కాంగా డ్రమ్ములు విని మళ్లీ బేసిక్ స్టెప్‌లోకి వెళ్లిపోయాడు. ఇద్దరూ నవ్వుకుని సర్దుకున్నారు కానీ, విడిపోవాలో ఇంకో పాట ఆడాలో తేలక చేతులు అలాగే పట్టుకుని నిలబడ్డారు. గోడ వెంబడి కుర్చీల్లో ఉన్నవారికి లేచి ఎవరినైనా అడగడానికి సందు దొరకలేదు. ఈ మార్గదర్శిలో చెప్పేదంతా ఆ సందును ఎలా తయారుచేయాలన్నదే.

ముందుగా పాటను విప్పి చూడండి

సాల్సా పాటకు సాధారణంగా ఒక ఉపోద్ఘాతం, గాయకుడు కథ చెప్పే భాగం, ఆ తర్వాత కోరస్‌తో గాయకుడు మాటకు మాట అందుకునే మోంతునో, ఇత్తడి వాద్యాలు విజృంభించే మాంబో, మళ్లీ కోరస్, చివర అందరూ కలిసి కొట్టే ముక్తాయింపు ఉంటాయి. ఆడేవారు ఈ భాగాలను చెవితో కనిపెడుతూ ఆడతారు: కథా భాగంలో నెమ్మదిగా, మోంతునోలో తిరుగుళ్లతో, మాంబోలో చేతులు వదిలి ఎవరి పాదాల పని వారు చూపిస్తూ, చివరి దెబ్బకు ఒక భంగిమలో ఆగుతారు. మీరు ఏ ట్రిక్కు వాడినా ఈ భాగాల సరిహద్దు మీదే వాడాలి.

సరిహద్దు పట్టుకోవడానికి ఎనిమిది లెక్క రావాలి. ఆది తాళంలో ఎనిమిది అక్షరాలు వేయడం అలవాటున్న చేతికి ఇది సులువుగానే పట్టుబడుతుంది. తాళం వేసేవారు ఎనిమిదింటినీ క్రియతో చూపుతారు. క్లావే (సాల్సాకు ఆధారమైన, రెండు కర్రలతో మోగించే లయ) మాత్రం ఎనిమిది కౌంట్లలో ఐదు చోట్లే మోగి తక్కినవాటిని మన లెక్కకు వదిలేస్తుంది. సోన్ క్లావే అనే రకం 3-2 వరుసలో (ముందు సగంలో మూడు, తర్వాతి సగంలో రెండు దెబ్బలు) ఉంటే ఆ ఐదు దెబ్బలు 1 మీద, 2కూ 3కూ సరిగ్గా మధ్యన, 4 మీద, 6 మీద, 7 మీద పడతాయి. 2-3 వరుసలో ఉంటే 2, 3, 5, 6కూ 7కూ మధ్యన, 8. చాలా పాటల్లో క్లావే కర్రలు ఎవరూ మోగించరు. అయినా పియానో, బేస్, ఇత్తడి వాద్యాలు అన్నీ ఆ ఐదు దెబ్బల చుట్టూనే అల్లుకుని ఉంటాయి.

క్లబ్ సంగీతం నుంచి వచ్చినవారు 1 కోసం బేస్‌ను వెతుకుతారు, దొరకదు. సాల్సా బేస్ తరచుగా 1ని వదిలేసి, 2 దాటాక ఒకసారి, 4 మీద ఒకసారి పలుకుతుంది. దానికి బదులు కాంగాలను వినండి. 2 మీద ఫట్‌మనే చరుపు, 4 మీదా ఆ వెంటనే 4కూ 5కూ మధ్యనా రెండు గుంభనమైన దెబ్బలు వినిపిస్తాయి. 6 దగ్గర, 8 దగ్గర ఇదే మళ్లీ జరుగుతుంది. ఆ జంట దెబ్బల తర్వాత వచ్చేది 1 గానీ 5 గానీ అయి ఉంటుంది. రెండింటిలో ఏదో తేల్చడానికి కోరస్ వాక్యం, మాంబో ఎత్తుగడ సాయపడతాయి. హెడ్‌ఫోన్స్‌లో వింటూ బల్ల మీద వేలితో కొట్టుకోవడం తప్ప దీనికి వేరే అడ్డదారి లేదు.

టెంపోను సాఫ్ట్‌వేర్ నుంచి కాదు, చేతి నుంచి తీసుకోండి

సోషల్‌లో ఆడే సాల్సాలు ఎక్కువగా నిమిషానికి 160 నుంచి 210 బీట్ల మధ్య ఉంటాయి. రెకార్డ్‌బాక్స్, సెరాటో, వర్చువల్ డీజే, ఉచితంగా దొరికే మిక్స్ (Mixxx), డీజే సాఫ్ట్‌వేర్ ఏదైనా సరే వీటిని తరచుగా సగానికి చదువుతుంది. 184 ఉన్న పాటను 92 అని చూపిస్తుంది. వరుస పేర్చేటప్పుడు ఒక పాట 92గా, పక్కది 188గా కనిపిస్తే రెండూ దాదాపు ఒకే వేగమని మీకు తట్టదు. కాబట్టి లైబ్రరీ మొత్తాన్ని ఒకే పద్ధతికి తెచ్చుకోండి: సగం అంకెలైతే అన్నీ సగం, పూర్తి అంకెలైతే అన్నీ పూర్తి. నేను పూర్తి అంకెలు వాడతాను, ఎందుకంటే అప్పుడు సాఫ్ట్‌వేర్‌లో 8 బీట్ల లూప్ అంటే డాన్సర్ లెక్కలోనూ ఎనిమిదే. 92 అని చదివిన పాటలో 8 బీట్ల లూప్ పెడితే అది పదహారు కౌంట్లు తిరుగుతుంది, నాలుగు పెడితేనే ఎనిమిది. ఈ ఒక్క గందరగోళం వల్ల లూపులు చెడిపోవడం చాలాచోట్ల చూస్తాం.

రెండో చిక్కు గ్రిడ్‌ది, అంటే పాట మీద సాఫ్ట్‌వేర్ గీసే బీట్ గీతలది. జానీ పచేకో, జెర్రీ మసూచీ 1964లో న్యూయార్క్‌లో స్థాపించిన ఫానియా రికార్డ్స్ నుంచి 1970ల్లో వచ్చిన పాటల్లో వాద్యగాళ్లు కలిసి కూర్చుని, ఒకరినొకరు వింటూ వాయించారు. మాంబో దగ్గరికొచ్చేసరికి వేగం కొద్దిగా పెరుగుతుంది, కథా భాగంలో కాస్త సడలుతుంది. పాట మొదట్లో సరిపోయిన గ్రిడ్ మూడో నిమిషానికి పక్కకు జరిగిపోయి ఉంటుంది. రెకార్డ్‌బాక్స్‌లో ఇలాంటి పాటల విశ్లేషణను నార్మల్‌లో కాక డైనమిక్‌లో చేయించాలి. అప్పటికీ మోంతునో మొదట్లోనూ చివరి కోరస్ దగ్గరా 1ని చెవితో సరిచూసుకోవాలి. అంత ఓపిక లేకపోతే ఆ పాటకు సింక్ మీట (రెండు పాటల బీట్లను తానే కలిపేది) ముట్టుకోకుండా ఉండడం మేలు. ఇటీవలి రికార్డింగులు ఎక్కువగా క్లిక్ (మెట్రోనోమ్ చప్పుడు) మీద చేసినవే కాబట్టి వాటితో ఈ బాధ తక్కువ.

పాటకు గుర్తులు పెట్టుకోండి

ప్రతి పాటకు వ్యాఖ్యల గడిలో నాలుగు సంగతులు రాసుకోవాలి: మొదలు ఎలాంటిది, ముగింపు ఎలాంటిది, నిడివి ఎంత, ఎవరికి సరిపోతుంది. వీటిలో ముగింపు ముఖ్యం. దెబ్బతో ముగిసేవి, నెమ్మదిగా మాసిపోయేవి, దెబ్బ పడి ముగిసినట్టే అనిపించి మళ్లీ ఎత్తుకునేవి అని సాల్సా ముగింపులు మూడు రకాలు. మూడో రకం గుర్తు పెట్టుకోకపోతే మీరు తర్వాతి పాట మొదలుపెట్టిన క్షణంలోనే పాత పాట మళ్లీ లేచి నిలబడుతుంది.

మొదలు విషయంలో, స్వేచ్ఛా లయలో పియానోతోనో నెమ్మదైన గానంతోనో తెరుచుకునేవాటిని వేరుగా గుర్తించాలి. వాటిలో లయ మొదలయ్యే 1 మీద ఒక హాట్ క్యూ (ఒక మీటతో నేరుగా అక్కడికి దూకే గుర్తు) పెట్టుకుంటే, కొత్తవాళ్లు ఎక్కువగా ఉన్న రోజున అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు. అనుభవమున్నవారు ఉన్న రోజున పూర్తి ఉపోద్ఘాతం వదలవచ్చు, వారికి ఆ ఇరవై సెకన్లు పార్ట్‌నర్‌ను పిలుచుకోవడానికి అక్కరకొస్తాయి. చివరి కోరస్ 1 మీద ఇంకో క్యూ పెట్టండి. అది కనబడగానే తర్వాతి పాట హెడ్‌ఫోన్స్‌లో సిద్ధంగా ఉండాలి.

ఎవరికి సరిపోతుందన్నదానికి ఊరిని బట్టి లెక్క వేసుకోవాలి. విశాఖలో సోషల్‌కు వచ్చేవారిలో మధురవాడ, రుషికొండ వైపు ఐటీ ఉద్యోగులు, విద్యార్థులు, నేవీ కుటుంబాలవారు, క్లాసులో చేరి రెండు నెలలైనా కానివారు కలిసి ఉంటారు. 1962లో ప్యూర్టో రికోలో ఏర్పడిన ఎల్ గ్రాన్ కాంబో పాటల్లో లయ అరమరికలు లేకుండా వినిపిస్తుంది, కొత్తవారికి అడుగు తప్పదు. హువాన్ ఫోర్మెల్ 1969లో హవానాలో నెలకొల్పిన లోస్ వాన్ వాన్ వంటి క్యూబన్ బృందాల పాటల్లోనూ, తర్వాత వచ్చిన టింబా అనే క్యూబన్ శైలిలోనూ బేస్ ఒక్కసారిగా జారిపోయి డ్రమ్స్ మాత్రమే మిగిలే ఘట్టాలు వస్తాయి. అలవాటున్నవారు వాటికోసమే ఎదురుచూస్తారు, లేనివారు పాట అయిపోయిందనుకుని ఆగిపోతారు. కొలంబియాలోని కాలీ నగరానికి చెందిన గ్రూపో నీచే పాటలు ఇద్దరికీ నప్పుతాయి, ఊరికే వేగం చూసుకోవాలి.

పొడవైన పాటను ఇంట్లోనే కుదించండి

పాతకాలపు సాల్సాలు ఐదు నిమిషాలు దాటడం, ఆరేడు నిమిషాలకు పోవడం మామూలే. ముప్పై నలభై మంది ఉండే హాల్లో, మే నెల ఉక్కపోతలో అంత సేపు ఒకే పార్ట్‌నర్‌తో ఆడడం ఇద్దరికీ కష్టమే. అడగడానికి మొహమాటపడుతూ కూర్చున్నవారికి మరీ కష్టం. నాలుగు నుంచి నాలుగున్నర నిమిషాలు చక్కని నిడివి. చాలామంది డీజేలు ఇలాంటి పాటను మధ్యలో ఫేడర్ లాగి ఆపేస్తారు. అది ముగింపును తుంచేయడమే. దానికి బదులు మధ్య భాగం తీసేసి అసలు ముగింపును ఉంచే ప్రతిని ముందే తయారుచేసుకోవాలి. నా దృష్టిలో సోషల్ డీజేకు ఉపయోగపడే ట్రిక్కులన్నిటిలో ఇదే మొదటిది, విచిత్రంగా దీనిని సోషల్‌లో చేయనే చేయం.

ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో పాటను తెరిచి, మోంతునోలో కోరస్ ఎన్నిసార్లు తిరిగి వస్తోందో వినండి. సాధారణంగా మాంబోకు ముందు ఒక గుంపు, తర్వాత ఒక గుంపు కోరస్‌లు ఉంటాయి. రెండో గుంపులో రెండు చోట్ల, ఒకే కోరస్ వాక్యం మొదలయ్యే 1 దగ్గర లేబుళ్లు పెట్టండి. మొదటి లేబుల్ నుంచి రెండో లేబుల్ వరకు ఎంపిక చేసి, జెడ్ మీట నొక్కితే ఎంపిక అంచులు తరంగం సున్నాను దాటే చోటికి జరుగుతాయి. అప్పుడు తొలగిస్తే అతుకు దగ్గర టిక్కుమనే చప్పుడు రాదు. తీసేసిన ముక్క ఎనిమిది కౌంట్ల గుణిజంలోనే ఉండాలి, పదహారో ముప్పై రెండో అయితే ఇంకా మంచిది. నాలుగు కౌంట్లు అటూఇటూ అయితే క్లావే తలకిందులవుతుంది. ఆడేవారిలో ఎక్కువమంది కారణం చెప్పలేరు కానీ అందరి అడుగూ ఒక్క క్షణం తడబడుతుంది.

అతుకును కళ్లు మూసుకుని, బేసిక్ స్టెప్ వేస్తూ పరీక్షించండి. చెవికి బాగానే ఉందనిపించినది కాలికి తెలిసిపోతుంది. గాయకుడి ఊపిరి సగంలో తెగిందేమో, తాళాల (సింబల్స్) మోత తోక ఒక్కసారిగా మాయమైందేమో చూసి, అవసరమైతే అతుకును ఇంకో ఎనిమిది ముందుకు జరపండి. కుదించిన ప్రతిని వేరే పేరుతో, వీలైతే వేవ్ లేదా ఫ్లాక్ రూపంలో దాచుకోవాలి. ఎంపీ3ని మళ్లీ ఎంపీ3గా మారిస్తే కొంత స్పష్టత పోతుంది.

ఇదే పనిని హాట్ క్యూలతో అప్పటికప్పుడు కూడా చేయవచ్చు: ఒక కోరస్ 1 మీద ఉండగా తర్వాతి కోరస్ 1 మీదున్న క్యూకు దూకడం. క్లిక్ మీద రికార్డయిన పాటలో క్వాంటైజ్ (దూకుడును గ్రిడ్ గీత మీదికి సర్దే సదుపాయం) వేసుకుంటే ఇది చక్కగా కుదురుతుంది. పాత పాటలో గ్రిడ్ జరిగి ఉంటే అదే క్వాంటైజ్ మిమ్మల్ని తప్పుడు చోట దించుతుంది.

పాట నుంచి పాటకు

నాలుగు పద్ధతులు చెబుతాను, వాడవలసిన తరచుదనం కూడా ఈ వరుసలోనే ఉంటుంది.

మొదటిది ఏమీ చేయకపోవడం. చివరి దెబ్బ పడి, దాని మోత హాల్లో ఆరిపోయేవరకు ఆగి, మూడు నుంచి ఐదు సెకన్ల నిశ్శబ్దం ఇచ్చి తర్వాతి పాట వదలండి. సాఫ్ట్‌వేర్‌లో ఆటోమిక్స్, క్రాస్‌ఫేడ్ ఆపి ఉన్నాయో లేదో సోషల్ మొదలయ్యేముందే చూసుకోవాలి. నిశ్శబ్దం ఎనిమిది పది సెకన్లు దాటితే జనం కుర్చీల వైపు నడుస్తారు, వారిని మళ్లీ లేపడం కష్టం.

రెండోది, ముగింపు దెబ్బ మోత మీదే కొత్త పాట ఉపోద్ఘాతాన్ని తక్కువ వాల్యూమ్‌లో పరచడం. పాత పాట అయిపోయింది కాబట్టి బీట్ కలపవలసిన పని లేదు, శ్రుతి మరీ ఘర్షణ పడకుండా ఉంటే చాలు. ఉపోద్ఘాతం పొట్టిగా ఉంటే దానిని లూప్‌తో సాగదీయండి. తాళవాద్యాలు మాత్రమే మోగే ఎనిమిది కౌంట్లను పట్టుకుని నాలుగుసార్లు తిప్పితే, 180 టెంపోలో దాదాపు పదకొండు సెకన్లు దొరుకుతాయి. ఒకరిని అడిగి ఫ్లోర్ మీదికి తేవడానికి అది సరిపోతుంది. లూప్‌ను నాలుగు కౌంట్లకు కుదించే అలవాటు క్లబ్బుల్లో ఉంది. ఇక్కడ అలా చేస్తే క్లావేలో ఒక సగమే తిరుగుతూ ఉంటుంది, ఆడేవారికి 1 ఎక్కడో 5 ఎక్కడో తెలియదు. లూప్ నుంచి బయటికి వచ్చేది కూడా 8 అయ్యాకే. లూప్ వాల్యూమ్‌ను మెల్లగా పెంచుతూ వచ్చి, జంటలు కుదురుకున్నాక వదిలితే పాట వారికోసమే మొదలైనట్టు ఉంటుంది.

మూడోది ఎకోతో ముగించడం. ఇది మాసిపోయే ముగింపులున్న పాటలకు. పాట వాల్యూమ్ తగ్గడం మొదలయ్యాక ఆడేవారికి ఎప్పుడు ఆగాలో తెలియదు, ఒక్కో జంట ఒక్కో చోట వదిలేస్తుంది. అంతకుముందే, చివరి పూర్తి కోరస్ వాక్యం ముగిసి వచ్చే 1 మీద గానీ ఇత్తడి వాద్యాలు కలిసి కొట్టే దెబ్బ మీద గానీ ఎకో వేసి అదే క్షణంలో ఫేడర్ దించాలి. ఎకో వ్యవధి ఒక కౌంట్, ప్రతిధ్వనులు మూడు నాలుగు సెకన్లలో ఆరిపోయేంత. మాట మధ్యలో వేస్తే గాయకుడి సగం పదం హాలంతా తిరుగుతుంది, అది వినసొంపుగా ఉండదు. దీనిని కూడా ఇంట్లో సాధన చేసి, ఆ 1 మీద క్యూ గుర్తు పెట్టుకున్న పాటలకే వాడండి. రాత్రి మొత్తం మీద రెండు మూడు సార్లు మించితే డీజే గొప్ప కోసం చేస్తున్నట్టు ఉంటుంది.

నాలుగోది అసలైన బీట్‌మ్యాచింగ్. దీనికి చోటు లేదని కొందరంటారు గానీ, నేను అంత దూరం వెళ్లను. సాయంత్రం ఇంకా జనం చేరుకుంటున్న వేళ, పార్ట్‌నర్ లేకుండా వరుసల్లో నిలబడి ఒకరి వెంట ఒకరు అడుగులు వేసే అరగంటలో, రువేదా చక్రం (జంటలు గుండ్రంగా నిలిచి పార్ట్‌నర్లను మార్చుకుంటూ ఆడేది) ఆడుతున్నప్పుడు తెగని సంగీతం కావాలి. అప్పుడు కూడా బీట్‌కు బీట్ కలిస్తే సరిపోదు. కొత్త పాట 1 పాత పాట 1 మీద పడాలి, రెండింటి క్లావే ఒకే వరుసలో ఉండాలి. ఒకటి 3-2, రెండోది 2-3 అయితే నాలుగు కౌంట్లు జరిపి కలపాలి, కానీ అప్పుడు డాన్సర్ల 1 మారిపోతుంది కాబట్టి ఆ జతను వదిలేసి వేరే పాట చూడటమే మంచిది. కలిపే వ్యవధి పదహారు కౌంట్లకు మించకూడదు. రెండు బేస్‌లు ఒకేసారి పలికితే ముద్దగా తయారవుతుంది, కొత్తదాని బేస్ నాబ్ పూర్తిగా తగ్గించి ఉంచి, మార్చే 1 దగ్గర పాతదానిది దించి దీనిది ఎత్తండి.

వేగం సర్దడం

మీకు నచ్చిన పాట 196లో ఉంది, ఫ్లోర్ మీద కొత్తవారు ఎక్కువ. దానిని నాలుగు శాతం తగ్గిస్తే 188 అవుతుంది, ఆడగలుగుతారు. కీ లాక్ (వేగం మారినా శ్రుతి మారకుండా ఆపేది) తప్పక వేసుకోవాలి. అది లేకుండా ఆరు శాతం మారిస్తే పాట శ్రుతి దాదాపు ఒక స్వరస్థానం జరిగిపోతుంది, గాయకుడి గొంతు మందంగా మారుతుంది. కీ లాక్ వేసినా ఐదు శాతం దాటాక టింబాలెస్ డ్రమ్ముల దెబ్బల పదును పోయి జీరగా వినిపిస్తుంది. మార్పు పాట మొదలుకాకముందే చేయాలి. నడుస్తున్న పాటను వేగం తగ్గించడం అంటే తిరుగుతున్న మనిషి కాలి కింద నేల జరపడమే.

సాల్సా, బచాటా, మధ్యలో వచ్చే తెలుగు పాట

మన ఊళ్లో ఒట్టి సాల్సా సోషల్ అరుదు, బచాటా, కొంత కిజోంబా అనే జంట నృత్యాలూ కలిసే ఉంటాయి. మూడు సాల్సాలకు రెండు బచాటాలు నాకు నచ్చిన వరుస. బచాటా క్లాసులవారు ఎక్కువగా వస్తే రెండుకు రెండు. బచాటా ఎక్కువగా 120 నుంచి 140, చాచాచా 110 నుంచి 130, కిజోంబా 80 నుంచి 100 మధ్య నడుస్తాయి. సాల్సా నుంచి బచాటాకు కలపడానికి ప్రయత్నించకండి, ముగింపు, నిశ్శబ్దం, బచాటా గిటార్. ఆ గిటార్ తీగ వినగానే ఎవరు ఎవరిని అడగాలో వారు అడుగుతారు. మూడు సాల్సాల్లో వేగం 170, 190, 178లాగా ఎక్కి దిగాలి, వరుసగా రెండు 200 దాటిన పాటలు పెడితే మూడోదానికి సగం ఫ్లోర్ ఖాళీ అవుతుంది. అలసట కనిపించినప్పుడు ఒక చాచాచా అద్భుతంగా పనిచేస్తుంది: వేగం తగ్గుతుంది, లయ తగ్గదు.

తొమ్మిది దాటాక ఎవరో ఒకరు బల్ల దగ్గరికి వచ్చి "అన్నా, ఒక్క తెలుగు పాట వేయవా?" అని అడగడం ఖాయం. కాదనడం మర్యాద కాదు, అడిగిన క్షణంలో సాల్సాల మధ్య దూర్చడం కూడా మంచిది కాదు. "బ్రేక్‌లో వేస్తాను బ్రో" అని చెప్పి, కేక్ కోసే వేళకో చివరి పది నిమిషాలకో ఉంచండి. తెలుగు సినిమా పాటలు ఎక్కువగా క్లిక్ మీద తయారైనవే, డ్రమ్స్ బలంగా ఉంటాయి కాబట్టి క్లబ్బులో నేర్చుకున్న కలుపుడు ట్రిక్కులన్నీ అప్పుడు తనివితీరా వాడుకోవచ్చు. జంటలుగా ఆడనివారు కూడా లేచి వస్తారు.

హాలు, ఉప్పుగాలి, కరెంటు

నున్నటి మార్బుల్ ఫ్లోర్, ఒకవైపు గాజు గోడ ఉన్న హాళ్లలో ట్రంపెట్లు, కాంపానా గంట చెవిలో గుచ్చుకుంటాయి. వాల్యూమ్ మొత్తం తగ్గించకుండా, ఈక్వలైజర్‌లో 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ ప్రాంతాన్ని కొద్దిగా దించి చూడండి. ఖాళీ హాల్లో సరిచేసిన శబ్దం మనుషులు నిండాక మారుతుంది, రెండో గంటలో మళ్లీ ఫ్లోర్ మధ్యకు నడిచి వినాలి. పాత రికార్డింగులు కొత్తవాటికంటే మెల్లగా ఉంటాయి, ప్రతి పాటకూ గెయిన్ ముందే సరిచేసి, మీటర్ ఎర్ర గీత తాకకుండా చూసుకోండి. బీచ్ రోడ్డు పక్కన ఆరుబయట పెట్టేటప్పుడు అలల హోరు, గాలి కలిసి పియానోను మింగేస్తాయి. అక్కడ ఉపోద్ఘాతం మెల్లగా ఉండే పాటలు వదిలేసి తాళవాద్యాలతో మొదలయ్యేవి ఎంచుకోవాలి.

సముద్రపు ఉప్పుగాలికి జాక్ పిన్నులు, కేబుల్ కొసలు త్వరగా చిలుముపడతాయి. కాంటాక్ట్ క్లీనర్, మెత్తని గుడ్డ, ఒక అదనపు కేబుల్ సంచిలో ఉండాలి. కరెంటు పోతే లాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తూనే ఉంటుంది, స్పీకర్లు మాత్రం ఆగుతాయి. వెంటనే మాస్టర్ వాల్యూమ్ దించేయాలి, లేకపోతే కరెంటు తిరిగి వచ్చినప్పుడు స్పీకర్లు పెళ్లున పేలినట్టు మోగుతాయి. పాట ఆగిన చోటి నుంచి కాకుండా, ఆ పాటలోనే మోంతునో 1 మీదున్న క్యూ నుంచి మొదలుపెడితే, ఫ్లోర్ మీదే ఎదురుచూస్తున్న జంటలు ఆటను ముగించుకోగలుగుతాయి.

శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు, 2000 ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు; మూసి ఉన్న హాళ్లకు సడలింపు ఉన్నా శబ్దం బయటికి వెళ్లకూడదు. కాబట్టి మేడ మీద ఆరుబయట జరిగే సోషల్ అయితే పది గంటలకు పదిహేను నిమిషాల ముందే చివరి మూడు పాటలు నిర్ణయించుకోండి, వాటిలో ఒక్కటైనా దెబ్బతో ముగిసేది కావాలి, అది అన్నిటికంటే చివర రావాలి. బేస్‌ను ముందుగానే కొద్దిగా తగ్గిస్తే పక్కింటివారు తలుపు తట్టే అవసరం రాదు. రికార్డయిన పాటలను బహిరంగంగా వాయించడానికి కావలసిన లైసెన్సు సంగతి హాలు యజమానితో ముందే మాట్లాడుకోవాలి.

తప్పుడు పాట పడ్డప్పుడు

ఫ్లోర్ మీదికి ఎవరూ రాకపోతే మొదటి ముప్పై సెకన్లు ఓపిక పట్టండి, ఉపోద్ఘాతం వింటూ తటపటాయించేవారు చాలామంది ఉంటారు. కథా భాగం మొదలయ్యాక కూడా ఒక్క జంట లేకపోతే, వాక్యం ముగిసే 1 దగ్గర ఎకో వేసి మార్చవచ్చు. ఒక్క జంట ఆడుతున్నా మాత్రం మార్చకూడదు. ఆ పాటను హాట్ క్యూతో చివరి కోరస్‌కు దూకించి, దాని ముగింపుతోనే వారిని దించండి. పుట్టినరోజు నాడు ఒకరిని మధ్యలో నిలబెట్టి ఒక్కొక్కరు వంతులవారీగా వచ్చి ఆడే ఆనవాయితీ ఉంది. దానికి నాలుగు నిమిషాల పాట చాలదు, మాంబో తర్వాతి పదహారు కౌంట్లను లూప్‌లో ఉంచి, ఆఖరి వ్యక్తి లోపలికి రాగానే వదిలేస్తే ముగింపు దెబ్బ సరిగ్గా వారికి దక్కుతుంది.

అంతా అయ్యాక, ఏ పాటకు ఫ్లోర్ నిండింది, ఏ పాటకు పలచబడింది అన్నది ఆ రాత్రే వ్యాఖ్యల గడిలో రాసుకోండి, మర్నాటికి గుర్తుండదు. సామాను సర్దేటప్పుడు ముందు మాస్టర్ దించి, స్పీకర్లు ఆపి, ఆ తర్వాతే కంట్రోలర్ ఆపాలి.